రక్తవర్గములు – వంశాభిమానము

మన సంఘ వార్షిక మహాసభల సంచికలలో వంశవృక్షములు, గోత్రావళులు, పూర్వదాతల చరిత్రములు ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న సంప్రదాయము. ఇది మెచ్చదగినదే. తాతముత్తాతల పేరు లెరుగని కుటుంబము పునాది తెలియని గృహము వంటిది. అయినను సభలలో తరుచుగ వినవచ్చు మాట యొకటి కలదు. "మన రక్తము వేరు", "ఆ గుణము మన రక్తములోనే యున్నది" అని వక్తలు పలుకుదురు. సభ్యులు కరతాళధ్వనులు చేయుదురు. వంశమును గూర్చి గ్రంథము లేమి చెప్పుచున్నవో మనము పలుమారులు విచారించితిమి. రక్తమును గూర్చి రక్తమే యేమి చెప్పుచున్నదో కూడ నొకమారు విచారించుట న్యాయము. ఆ చరిత్రను సంగ్రహముగా పాఠకమహాశయుల ముందుంచుచున్నాము. మేము వైద్యులము గాము. సంస్కృతము చదివి, బడిలో పాఠములు చెప్పి, విశ్రాంతి గైకొనినవారము. కావున శాస్త్రవిషయమును మన యిండ్లలోని మాటలతోనే చెప్పుటకు యత్నింతుము.

మొదట మన ధర్మశాస్త్రముల మాట చూతము. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు కల్యాణీ చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున, అనగా నించుమించు 1100 ప్రాంతమున, రచించెను. ఆంధ్రదేశమున దాయభాగ వివాదములు వచ్చినప్పుడు తరతరములుగా ప్రమాణముగా గొనిన గ్రంథ మిదియే. సపిండు లనగా నెవరను ప్రశ్నకు వంగదేశీయుడగు జీమూతవాహనుడు, పిండ మనగా శ్రాద్ధమున పెట్టు అన్నపు ముద్ద యని గ్రహించి సమాధానము చెప్పెను. విజ్ఞానేశ్వరు డట్లు గాక, పిండ మనగా శరీరమే యనియు, ఒకే శరీరపు టంశములు కలవారు సపిండు లనియు నిర్వచించెను. తండ్రి శరీరాంశములు కొడుకునకు వచ్చినట్లే, తల్లి ద్వారమున మాతామహుని యంశములును మనుమనికి వచ్చునని యాతని వివరణము.

అంతట నొక చిక్కు గలిగినది. సంసారము అనాది యైనప్పుడు ఏదో యొక విధమున ఈ దేహసంబంధము లోకులందరి నడుమను ఉండవచ్చును గదా! ఆ చిక్కును విజ్ఞానేశ్వరుడే గుర్తించెను. అందువలననే తండ్రివైపున ఏడు తరములు, తల్లివైపున అయిదు తరములు అని హద్దు పెట్టవలసి వచ్చినదని సమాధానము చెప్పెను. అనగా హద్దు వ్యవహారమునకై పెట్టినది. దేహసంబంధమున కది తుది గాదు. తొమ్మిది వందల యేండ్ల క్రిందటి యీ మాటను పాఠకులు మనస్సున నుంచుకొనగోరెదము. ఏలయనగా, రక్తపరీక్షకులు చాల దూరము తిరిగి తిరిగి తుదకు చేరిన చోటు దీనికి మిక్కిలి దగ్గరగా నున్నది.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. మనుష్యులను దేహలక్షణములనుబట్టి వర్గీకరింపవలెనను పట్టుదల ఆంగ్ల ప్రభుత్వ కాలమున మిక్కుటముగా నుండెను. 1901 జనాభా లెక్కలకు అధికారి యగు రిస్లే దొర కులములను సామాజిక గౌరవ క్రమమున నిలుపవలెనని తలపెట్టెను. ముక్కు వెడల్పు, తల పొడవు కొలిచినచో కులముల పుట్టుక తెలియునని యాతని నమ్మకము. మన చెన్నపురి రాజధానిలో మ్యూజియము అధ్యక్షుడగు థర్‌స్టన్ దొరయు కొలత పనిముట్లు చేతబట్టి ఊరూర తిరిగి, రంగాచారిగారి సాయమున దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. ఆ జనాభా లెక్కలలో తమ స్థానము తక్కువగా వ్రాసిరని అర్జీలు పంపుటకే దేశమున పెక్కు కులసభలు నడుము కట్టినవి. మన వంటి సంఘముల చరిత్రలో ఈ ఘట్టమును దాచవలసిన పని లేదు. కొలబద్ద యొకరి చేతిలో నుండగా, కొలతకు నిలబడినవారు తమ యెత్తును గూర్చి వాదించుకొనిరి.

ఆ 1901లోనే, వియన్నా నగరమున, కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యుడు తన రక్తమును, తన సహోద్యోగుల రక్తమును చిన్న గాజు నాళికలలో కలిపి చూచి ఒక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు ఒకరి రక్తము వేరొకరికి ఎక్కించినప్పుడు కొందరు బ్రతికిరి, కొందరు చనిపోయిరి. కారణ మెవ్వరికిని తెలియదు. లాండ్‌స్టైనర్ కనుగొనిన దేమనగా, ఎర్ర రక్తకణముల పైపొరమీద కొన్ని గుర్తు లుండును. వానిలో ఒకదానికి ఏ యనియు, మరియొకదానికి బి యనియు పేరు. ఏ గుర్తు గలవారి రక్తరసములో బి గుర్తు గల కణములను ముద్దగట్టించు ప్రతిరక్షకము లుండును. బి గుర్తు గలవారి రసములో ఏ కణములను ముద్దగట్టించునవి యుండును. ఏ గుర్తును లేని కణములు గలవారు ఓ వర్గము. రెండు గుర్తులును గల నాల్గవ వర్గము ఏబి. దీనిని 1902లో డెకాస్టెల్లో, స్టుర్లీ యను వైద్యులు కనుగొనిరి. పొసగని రక్త మెక్కినచో కణములు నాశనమై మూత్రపిండములు చెడి రోగి ప్రాణము పోవును. ఈ యొక్క జ్ఞానమువలన ఎన్ని లక్షల ప్రాణములు నిలిచినవో లెక్కకు రాదు. లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఈ గుర్తులు తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చునని 1910లో హైడెల్‌బర్గు నగరమున ఫాన్ డుంగర్న్, లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ అనువారు చూపిరి. వచ్చు క్రమమును 1924లో బెర్న్‌స్టైన్ అను గణితశాస్త్రజ్ఞుడు తేల్చెను. ప్రతివానికి తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున రెండు జన్యువులు వచ్చును. ఏ, బి యనునవి బయటికి కనబడును. ఓ యనునది వాని చాటున దాగియుండును. ఉదాహరణము చూడుడు. తండ్రి ఏ వర్గమువాడు, వానిలో ఓ దాగియున్నది. తల్లి బి వర్గమునది, ఆమెలోను ఓ దాగియున్నది. ఈ దంపతులకు నలుగురు బిడ్డలు కలిగినచో ఒకరు ఏ, ఒకరు బి, ఒకరు ఏబి, ఒకరు ఓ కావచ్చును. నలుగురిదియు నొకే గోత్రము, ఒకే యింటిపేరు, ఒకే పంక్తి భోజనము. కాని ఏబి యైన యన్న రక్తమును ఓ యైన తమ్మునికి ఎక్కించినచో తమ్ముని ప్రాణమునకే మోసము. అదే సమయమున వీధి చివర నున్న, మన పంక్తిలో నెన్నడు కూర్చుండని, ఓ వర్గపు కూలివాని రక్తము ఆ తమ్ముని బ్రతికింపగలదు.

గోత్రము తండ్రిని బట్టి నడచును. రక్తవర్గ మట్లు నడువదు. అది తల్లిని తండ్రిని సమానముగ చూచును. ఏబి వర్గపు తండ్రికిని ఓ వర్గపు తల్లికిని పుట్టిన బిడ్డలు సాధారణముగా ఏ గాని బి గాని యగుదురు. అనగా కన్నవారిరువురిలో నెవ్వరి వర్గమును వారికి రాదు. తల్లివైపు దేహసంబంధమును గూడ సమానముగ లెక్కించిన విజ్ఞానేశ్వరుని చూపు ఎంత లోతైనదో యిచ్చట తెలియుచున్నది.

ఒక కుటుంబములోనే యిన్ని భేదములుండగా, జాతులను బట్టి భేదము లుండునా యను ప్రశ్న పుట్టినది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున సెలోనికా రేవునందు నానా దేశముల సైన్యములు చేరియుండెను. పై జెప్పిన హిర్ష్‌ఫెల్డ్, ఆయన భార్య హన్నా, ఇరువురును వైద్యులు, సెర్బియా సైన్యమునకు సేవచేయుచు ఆ సైనికుల రక్తమును పరీక్షించిరి. ఫలితములను 1919లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆంగ్లేయులలో నూటికి 43.4 మంది ఏ, 7.2 మంది బి. అచటి హిందూదేశపు సైనికులలో నూటికి 19 మంది ఏ, 41.2 మంది బి. తక్కిన దేశములవారు ఈ రెండింటి నడుమ మెట్లు మెట్లుగా నిలిచిరి. అంతట వారు, ఏ గుర్తు ఐరోపా ఉత్తర భాగమునను, బి గుర్తు హిందూదేశమునను వేరువేరుగా పుట్టి, క్రమముగా కలిసియుండునేమో యని ఊహించిరి.

ఈ యూహ నిలువలేదు. గొరిల్లా, చింపాంజీ మొదలగు వానరములలోను ఈ వర్గపు గుర్తు లున్నవి. 2012లో ప్రకటింపబడిన పరిశోధనవలన, ఏ, బి భేదము కనీసము 2 కోట్ల యేండ్ల నాటిదని తేలినది. మనుష్యుడు మనుష్యుడు గాకమునుపే, కోతులకును మనకును ఉమ్మడిగా నున్న పూర్వులలోనే యీ భేదమున్నదన్నమాట. ఇక దానిని ఫలానా కులముతోనో ఫలానా దేశముతోనో పుట్టినదని చెప్పుట యెట్లు?

హిందూదేశపు కులములలో రక్తవర్గముల పంపిణీని గూర్చి మలోన్, లాహిరి యనువారు 1929లో ప్రకటించిరి. తరువాత పెక్కురు ఈ పని చేసిరి. స్థూలముగా తేలిన దేమనగా, ఉత్తరదేశమున బి హెచ్చు, దక్షిణమునకు వచ్చుకొలది ఓ హెచ్చు. తెలుగువారిలో సాధారణముగా ఓ మొదటిది, బి రెండవది, ఏ మూడవది, ఏబి కడపటిది. ఈ వరుసలో పాళ్లు ఊరునుబట్టి, కులమునుబట్టి కొంత మారుచుండును గాని, నాలుగు వర్గములును లేని కులము మనలో నెచ్చటను లేదు. పై కులమునకు ఏ, క్రింది కులమునకు ఓ యని చెప్పుటకు వీలు లేదు. ఒక రక్తపు చుక్కను చూచి వీడు ఫలానా కులమువాడని చెప్పగల వైద్యుడు పుట్టలేదు.

మరి జనసమూహముల నడుమ పాళ్లలో భేదము లేల వచ్చినవి? ముఖ్యముగా రెండు కారణములు చెప్పుదురు. మొదటిది యాదృచ్ఛికము. గాదెలో నాలుగు రకముల వడ్లు కలిసియున్నవనుకొనుడు. ఒక దోసెడు తీసి క్రొత్త మడిలో చల్లినచో, ఆ దోసిట నొక రకము ఎక్కువ పడవచ్చును, ఒక రకము అసలే పడకపోవచ్చును. తరువాత ఆ మడిలో పండునది ఆ దోసెడు గింజల సంతతియే. పూర్వము చిన్న గుంపులుగా అమెరికా ఖండమునకు వలసపోయిన వారి సంతతిలో, దక్షిణ అమెరికా ఆదిమవాసులలో, ఇంచుమించు అందరును ఓ వర్గమువారే. ఐరోపాలోని బాస్కు జాతివారిలో ఆర్‌హెచ్ గుర్తు లేనివారు ప్రపంచమున కెల్ల హెచ్చు. నదీపాయల నడుమ లంకలలో బ్రతికిన మనకు ఈ విషయము సులభముగ బోధపడగలదు. వసిష్ఠకు వైనతేయకు నడుమ నున్న మన మలికిపురము వంటి చోట్ల వంతెనలు రాకమునుపు, రేవు దాటి పడవమీద సంబంధమునకు పోవుట యెంత ప్రయాసయో పెద్దలకు తెలియును. దగ్గరి యూళ్లలోనే పిల్లను తెచ్చుకొనుట, ఇచ్చుట జరిగెడిది. దోసెడు గింజలనే మరల మరల విత్తుట యనగా నిదియే.

రెండవ కారణము రోగములు. ఓ వర్గమువారికి మలేరియా మిక్కిలి తీవ్రరూపము దాల్చుట కొంత తక్కువ. వారికే కలరా సోకినచో తీవ్రత హెచ్చు. గంగా డెల్టాలో ఓ వర్గము పాలు తక్కువగా నుండుటకు తరతరముల కలరా కారణమై యుండునని కొందరు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పశ్చిమాఫ్రికా ప్రజలలో ఇంచుమించు అందరికిని డఫీ యను గుర్తు ఎర్రకణములపై నుండదు. అందుచేత ఒక రకపు మలేరియా వారిని సాధారణముగా నంటదని 1976లో తేల్చిరి. అనగా ఒక జనసమూహపు రక్తములో వ్రాయబడియున్నది వారి ఘనత గాదు. వారి పూర్వులు దాటివచ్చిన రోగముల చరిత్ర.

ఈ సత్యమును గ్రహింపక రక్తశుద్ధి యను మాటను పట్టుకొనిన దేశమునకు గతించిన దుర్గతి లోకమునకు తెలియును. 1935 సెప్టెంబరు 15న జర్మనీ ప్రభుత్వము "జర్మను రక్తమును, గౌరవమును కాపాడు" శాసనము చేసెను. శాసనమున రక్తమను మాట యున్నది గాని, యూదుని గుర్తించుటకు రక్తపరీక్ష యేదియు వారికి దొరకలేదు. తుదకు తాతలు, అమ్మమ్మలు ఏ మతస్థులో చర్చి పుస్తకములు, దేవాలయపు పట్టీలు చూచి నిర్ణయింపవలసివచ్చెను. రక్తమును గూర్చి చేసిన శాసనము కాగితమును చూచి నడచినది! రక్తవర్గ శాస్త్రమునకు ఆద్యులలో నొకడగు హిర్ష్‌ఫెల్డ్, యూదుల సంతతివాడను కారణమున 1941లో వార్సా నగరపు నిర్బంధవాటికలో త్రోయబడెను. అచ్చటను ఆయన విషజ్వరమును నివారించుటకు పాటుపడి, 1943లో తప్పించుకొని బయటపడెను. ఏకైక పుత్రికను పోగొట్టుకొనెను. ఆయన 1954లో కీర్తిశేషుడయ్యెను.

1972లో రిచర్డ్ లెవాంటిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రక్తవర్గములను, రక్తములోని మాంసకృత్తులను గూర్చి ప్రపంచమంతట సేకరింపబడిన లెక్కలు తీసి గణించెను. మనుష్యులలో గల మొత్తము భేదములో నూటికి 85 పాళ్లు ఒకే జనసమూహములోని వ్యక్తుల నడుమనే యున్నది. జాతులని పిలువబడువాని నడుమ నున్నది 6 పాళ్లు మాత్రమే. ఇట్టి గణన విద్యను పెంపొందించినవారిలో మన తెలుగువాడగు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన గణాంక సంస్థలో ప్రవేశించి, సంయుక్త పరగణాల కులముల దేహపు కొలతలను పరిశోధించిన గ్రంథమున పాలుగొనిరి. అది 1949లో వెలువడినది. వారు 102 యేండ్లు జీవించి 2023లో దివంగతులైరి.

ఇచట పాఠకు లొక ప్రశ్న వేయవచ్చును. కులమునకు రక్తములో గుర్తే లేదా? ఒక గుర్తు కలదు. అది వంశోన్నతికి గాని హీనతకు గాని సంబంధించినది గాదు. వివాహపు హద్దునకు సంబంధించినది. దీనిని తెలియజేసిన చరిత్రలో మన గోదావరి మండలమునకు ప్రత్యేక స్థానము కలదు.

జె.బి.ఎస్. హాల్డేన్ అను ఆంగ్ల జన్యుశాస్త్రజ్ఞుడు ఐరోపా ప్రజల రక్తవర్గముల పాళ్లను గూర్చి 1940లో వ్యాసము వ్రాసినవాడు. 1957లో స్వదేశమును విడిచి కలకత్తాకు వచ్చి, పిమ్మట భారత పౌరుడయ్యెను. ఆయన శిష్యులలో ద్రోణంరాజు కృష్ణారావుగారు మన పిఠాపురమున జన్మించినవారు. వారును మీరాఖాన్‌గారును ఆంధ్రదేశమున దగ్గరి బంధువుల నడుమ జరుగు వివాహములను పరిశోధించి 1960లోను, 1963లోను ప్రకటించిరి. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల ఉపయోగార్థము పంపిరి. రక్తము, వంశము అనువానిని గూర్చి జీవితమంతయు ఆలోచించిన పరదేశీయుని దేహము మన జిల్లా పిల్లల చదువునకు పాఠ్యగ్రంథమైనది.

మేనరికము మనకు నిన్న మొన్నటి యాచారము గాదు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దక్షిణాత్యుల యాచారమని బౌధాయన ధర్మసూత్రమే పేర్కొనుచున్నది. అక్కకూతురిని చేసికొనుటయు మనలో నున్నది. ఆస్తి చీలిపోకుండుటకు, పిల్ల పరాయి యింట కష్టపడకుండుటకు పెద్దలు దీని నవలంబించిరి. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. గణితము మాత్రము తెలిసికొనవలెను. మేనరికపు దంపతుల బిడ్డకు, తల్లివైపునను తండ్రివైపునను ఒకే పూర్వుని యొద్దనుండి వచ్చిన ఒకే జన్యువు రెండుగా చేరు నవకాశము 16లో ఒకటి. మేనమామ మేనకోడళ్ల బిడ్డకు 8లో ఒకటి. దాగియున్న దోష మేదైన నుండినచో అప్పుడది బయటపడును.

1952లో బొంబాయిలో భేండే, దేశ్‌పాండే, భాటియా యను వైద్యులు ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞులతో కూడి లాన్సెట్ పత్రికలో ప్రకటించిన విషయ మిందుకు నిదర్శనము. ముగ్గురు వ్యక్తుల రక్తము ఏ, బి, ఓ వర్గములలో దేనికిని చెందలేదు. ఏ గాని బి గాని నిలుచుటకు కణముపై హెచ్ అను మూలపు గుర్తు కావలెను. ఓ వర్గమువారికిని ఆ హెచ్ ఉండును. ఈ ముగ్గురికి అదియే లేదు. సాధారణ పరీక్షలో వారు ఓ వలె కనబడుదురు. కాని ఓ రక్త మెక్కించినచో ప్రాణాపాయము. వారికి వారి వంటివారి రక్తమే పనికివచ్చును. దీనికి బొంబాయి రక్తవర్గమని పేరు వచ్చినది. ఐరోపాలో పది లక్షలలో ఒకరికి గాని లేని యీ వర్గము మన దేశమున సుమారు పది వేలలో ఒకరికి కలదు. తల్లిదండ్రు లిరువురినుండియు లోపపు జన్యువు వచ్చిననే యిది కలుగును. బంధువివాహములు దాని నెక్కువ చేయును.

హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థవారు, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ప్రకటించిన దాని ప్రకారము, దేశమున వారు పరీక్షించిన 25 సమూహములలో తెలుగుదేశపు వైశ్యులు, వెలమలు, మాలలు, మాదిగలు మొదలగువా రుండిరి. ప్రధాన భూభాగమున ఇంచుమించు అన్ని సమూహములలోను రెండు ప్రాచీన జనసమూహముల యంశములు కలిసియున్నవి. పాళ్లు వేరు, కలయిక యందరిలోను. ఆ కలయిక ఇప్పటికి 4,200 నుండి 1,900 యేండ్ల నడుమ జరిగి, తరువాత కులములు తమలో తామే పెండ్లియాడ మొదలిడినవని 2013లో తేల్చిరి. అనగా స్థూలముగా సాతవాహనుల కాలమువరకు మన పూర్వులు నేటి హద్దు లెరుగరు. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహములను చూడగా, 81 సమూహములలో కొద్దిమంది మూలపురుషుల సంతతి యను గుర్తు బలముగా కనబడెను. అందు 14 సమూహముల జనసంఖ్య పది లక్షలకు మించినది. కావున మనది పెద్ద కులము, మనకు భయము లేదని యెవ్వరును అనుకొనరాదు. వైశ్య సోదరులలో కొందరికి, శస్త్రచికిత్స వేళ కండరములు సడలుటకు ఇచ్చు ఒక మందు విరుగక ఊపిరి చాలసేపు నిలిచిపోవు లక్షణము ఇతరులకన్న హెచ్చుగా నున్నది. వైద్యులకు ముందే తెలియజేసినచో ఆ మందు మాని ప్రాణమును కాపాడుదురు. కులమును వైద్యుడడుగుట అవమానింపుటకు గాదని దీనివలన గ్రహింపవలెను.

ఇక స్త్రీలకు ముఖ్యమగు విషయము. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అనువారు ఆర్‌హెచ్ అను మరియొక గుర్తును ప్రకటించిరి. ఐరోపావారిలో నూటికి సుమారు 15 మందికి, మన దేశమున నూటికి సుమారు 5 మందికి ఈ గుర్తు లేదు. గుర్తు లేని తల్లి గుర్తు గల బిడ్డను ప్రసవించినప్పుడు, బిడ్డ రక్తము కొంత తల్లిలో చేరి ప్రతిరక్షకములు పుట్టును. మొదటి బిడ్డ సాధారణముగా క్షేమము. తరువాతి గర్భములందు శిశువునకు పాండురోగము గలుగును, మృతశిశువులు పుట్టుదురు. పూర్వము ఇట్టి తల్లులను గొడ్డుమోతులనియు, పిల్లలు దక్కని శాపగ్రస్తలనియు ఎందరు నిందించిరో! 1968 నుండి దీనికి సూదిమందు వచ్చినది. ప్రసవమైన 72 గంటలలోగా అది వేయించినచో ఆపద తప్పును. ఒక్క పరీక్ష, ఒక్క సూది. ఇంతమాత్రము తెలియక కోడలికి శాపమంటగట్టిన యింటికి ఎంత వంశకీర్తి యుండి యేమి ప్రయోజనము?

సంఘసభ్యులకును పోషకులకును మా విన్నపము లివి. వివాహ సంబంధములు కుదుర్చునప్పుడు జాతకచక్రముతోపాటు వధూవరుల రక్తవర్గమును, ఆర్‌హెచ్ గుర్తును వ్రాసికొనుడు. ఆర్‌హెచ్ లేదని పిల్లను కాదనుటకు గాదు, ముందుజాగ్రత్త పడుటకు. దగ్గరి సంబంధ మనుకొన్నప్పుడు వైద్యుని సలహా ముందుగా పొందుడు. పదునెనిమిదేండ్లు నిండిన ఆరోగ్యవంతులు రక్తదానము చేయవచ్చును. పురుషులు మూడు నెలల కొకసారి, స్త్రీలు నాలుగు నెలల కొకసారి. తండ్రి రక్తమే కొడుకునకు శ్రేష్ఠమను భావము మనలో పాతుకొనియున్నది. అది సరి గాదు. మిక్కిలి దగ్గరి బంధువుల రక్తము ప్రత్యేకముగా శుద్ధి చేయక యెక్కించినచో, అరుదుగనే గాని, ప్రాణాంతకమైన వ్యాధి గలుగును. అపరిచితుని రక్తమే యిచ్చట మేలు. డబ్బు కమ్ముకొను రక్తమునకు సర్వోన్నత న్యాయస్థానము 1996 తీర్పువలన స్వస్తి చెప్పినది. కావున దాతలే గతి.

మన ప్రాంతమునకు ఈ యవసరము మరింత హెచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను కుదిపివేసినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మన పొరుగుననే నగరము గ్రామమున వాయుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. పెక్కురు కాలిన గాయముల పాలైరి. ఇట్టి గడియలలో దారులు తెగును, కాలము చాలదు. ఎవరిది ఏ వర్గమో ముందుగా వ్రాసియుంచిన పట్టీయే అప్పుడు దిక్కు. ఆ పట్టీలో మన కులమువారి పేర్లు మాత్రమే యుండినచో అది సగము పట్టీ యగును; ఊరిలో నాలుగు వర్గములును అన్ని వీధులలోను ఉన్నవి గదా.

సంఘము పేరు నిలుపుకొనుటకు ఇంతకన్న మంచి మార్గము మాకు తోచలేదు. వచ్చు సంవత్సరపు సంచికలో గోత్రావళి ప్రక్కనే మలికిపురము పరిసర గ్రామముల రక్తదాతల పట్టీని, వారి యంగీకారముతో, కులభేదము లేక ప్రకటింపవలసినదిగా కార్యవర్గమును ప్రార్థించుచున్నాము. అచ్చు ఖర్చును భరించుటకు పోషకులలో నొక్కరైన ముందుకు వచ్చినచో, వారి పేరు వంశవృక్షమునందే గాక, ఎన్నడు చూచి యెరుగని వారి యిండ్లలోను స్మరింపబడగలదు. సర్వే జనాః సుఖినో భవంతు.